వెండి పూత

మన్నళ్ళి మీదుగా ఏ విమానం పోయినా అది తన కూతురిదేనని హనుమవ్వ నమ్మకం. వాయుసేన కుర్రాళ్ళు నేర్చుకునే జెట్ విమానం చెవులు గింగురుమనేలా నడినెత్తిన పోయినా సరే, హైదరాబాదు వైపు ఎక్కడో ఆకాశం కొసన తెల్లటి గీత గీస్తూ పెద్ద విమానం పోయినా సరే, ఆమె కందిచేను గట్టు మీద నిలబడి కొంగు ఎత్తి ఊపుతుంది. ఆమెను చూసి పక్క చేనువాళ్ళూ చేతులు ఊపుతారు. "విద్య పోతాంది" అని ఒకరంటే, "ఇయ్యాల జర కిందికెళ్ళి పోయింది" అని ఇంకొకరు అందుకుంటారు. తాను నడిపేది ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానమనీ, దాని చప్పుడు ట్రాక్టరు చప్పుడుకు దగ్గరగా ఉంటుందనీ, అది మన్నళ్ళి మీదికి రావాలంటే వాయుసేన టవరు అనుమతి ఇవ్వాలనీ విద్య ఎన్నోసార్లు చెప్పింది. ఊరు వినలేదు. ఇంట్లో నవ్వుకునే ముచ్చటే గనక ఆమె కూడా పట్టుబట్టి దిద్దలేదు. ఆ నవ్వులాట చివరికి తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకేం తెలుసు?

దసరా పోయాక మొదటిసారి ఆమె విమానం ఎక్కిన రోజది. ఆమె పైలట్‌గా పని చేసే ఫ్లయింగ్ క్లబ్బు చిమ్కోడ్ అవతల ఉంది. చెరకు, సోయా చేలను పైనుంచి ఫొటోలు తీసి పంట లెక్కలు కట్టే పని ఆ క్లబ్బుది. ఆ పనికి పోయే దారిలో వాయుసేన ఆకాశం ఒక మూల తగులుతుంది. అక్కడ గీత నేల మీద కనిపించదు గానీ పటంలో గట్టిగా ఉంటుంది. ఆ గీత దాటే ప్రతి చిన్న విమానంలోనూ ట్రాన్స్‌పాండర్ ఉండాలి. క్లబ్బులో దాన్ని అందరూ పెట్టె అంటారు. గాలిలో ఉన్నంతసేపూ తన పేరు, తన ఎత్తు, తానున్న చోటు అది టవరుకు చెబుతూనే ఉంటుంది. చెబుతున్నంతసేపూ దాని మొహాన పచ్చ దీపం వెలుగుతుంది. టవరులో కూర్చున్నవాళ్ళు తమ తెర మీద ఆ చుక్కను చూసుకుంటూ, జెట్లకు దారి చూపుతారు.

విద్య రేడియోలో అనుమతి అడిగింది. టవరు రమ్మంది. ఆమె గీత దాటిన కాసేపటికే టవరు గొంతు మారింది.

"నీ పెట్టె వేసి ఉందా?"

"ఉంది సార్. పచ్చ దీపం వెలుగుతోంది."

"నువ్వు మాకు కనిపించడం లేదు. మళ్ళీ చూసుకో."

ఆమె చూసుకుంది. మీట వేసే ఉంది. దీపం నిబ్బరంగా వెలుగుతోంది. ఆమె మీట ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ పిలిచింది. టవరు ఇక మాట పెంచలేదు. ఎడమకు తిరిగి వెంటనే బయటికి పొమ్మంది. ఆమె తిరుగుతుండగానే దూరంగా ఒక జెట్ తన దారి వదిలి పైకి లేవడం కనిపించింది. తన కోసమే దాన్ని పక్కకు తప్పించారని ఆమెకు అర్థమయ్యింది.

క్లబ్బు మేనేజరు మోహన్ విమానం ఇంకా ఆగకముందే ఎదురొచ్చాడు. హైదరాబాదు మనిషి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ఎప్పుడూ చేతిలో ఫోను. కోపం వస్తే ఆయన అరవడు, నవ్వుతాడు. ఆ నవ్వంటే క్లబ్బులో అందరికీ భయం.

"టవరు వాళ్ళు మన క్లబ్బుకు ఆకాశం మూసేశారు. సంజాయిషీ ఇచ్చేదాకా ఒక్క రెక్క లేవకూడదట. సంతోషమేనా?"

"పెట్టె నడిచింది సార్. దీపం వెలిగింది. వాళ్ళకు ఎందుకు కనవడలేదో నాకు సమజైతలేదు."

"నాకు సమజైంది," అన్నాడు మోహన్ ఆమె మాటనే తిప్పి. "మన్నళ్ళి మీద చక్కర్లు కొట్టి ఊరివాళ్ళకు చూపించుకోవాలని పెట్టె ఆపేశావు. దొరికిపోయాక మళ్ళీ వేశావు. అంతే కదా?"

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మీ ఊరివాళ్ళే చెబుతున్నారమ్మా. గ్యాస్ సిలిండర్లు వేసే ఆటో అతను మొన్న నాతోనే అన్నాడు. రోజూ పోతావట. కిందికి వచ్చి చెయ్యి కూడా ఊపుతావట."

"వాళ్ళు జెట్లను జూసి నేననుకుంటరు సార్! ఏ విమానం పోయినా నాదే అంటరు!"

"ఆ మాట టవరులో చెప్పి చూడు, ఎవరు నమ్ముతారో." మోహన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను చెప్పేది విను. పొరపాటున ఆపేశాను, తప్పయిపోయింది అని ఒప్పేసుకో. కొన్నాళ్ళు నేల మీద ఉండు. క్లబ్బు బతుకుతుంది, ఇంతమంది పని నిలబడుతుంది."

"గీత లోపల పెట్టె ఆపిన అంటె లైసెన్సే పోతది సార్. కొన్నాళ్ళు కాదు, జన్మల మళ్ళ ఎక్కనియ్యరు."

"ఎల్లుండిలోగా తేల్చుకో," అని ఆయన వెళ్ళిపోయాడు.

క్లబ్బులో రేడియోలు, తీగలు చూసుకునేది శ్రీశైల్. విద్య కన్నా చిన్నవాడు, ఆమెను అక్కా అని పిలుస్తాడు. అతను అప్పటికప్పుడు విమానం తలుపు తీసి, పెట్టె వెనకాల నుంచి ఒక తీగ లాగి, తన పరీక్ష యంత్రానికి తగిలించాడు. విద్య పక్కనే నిలబడింది. పెట్టెలో ఏదో ఒక లోపం తేలాలని, కాలిన వాసనైనా రావాలని ఆమె మనసులో మొక్కుకుంది. యంత్రం మీద అంకెలు ఒక్కటొక్కటిగా వచ్చి నిలిచాయి. శ్రీశైల్ వాటినే చాలాసేపు చూశాడు.

"బరాబర్ ఉన్నదక్కా," అన్నాడు తల ఎత్తకుండా. "పేరు మంచిగ జెప్తాంది, ఎత్తు జెప్తాంది. ఏం ఖరాబు లేదు."

"ఇంకోసారి జూడు."

ఇంకోసారి చూశాడు. ఫలితం మారలేదు. పెట్టె బాగుందంటే తప్పు మనిషిదే అయి తీరాలి. శ్రీశైల్ ఆ మాట అనలేదు గానీ, తీగ చుట్ట చుడుతూ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. మోహన్ నవ్వు కన్నా ఆ చూపు తప్పించడమే విద్యను ఎక్కువ కోసింది.

ఇంటికి వచ్చేసరికి హనుమవ్వ జొన్నరొట్టెలు కొడుతోంది. కూతురి చెప్పుల చప్పుడు వినగానే వెనక్కి తిరక్కుండానే అంది: "ఇయ్యాల మస్తు కిందికొచ్చినవ్ గదనే! చెయ్యి గుడ ఊపినవ్. పక్క చేను రాచమ్మ గుడ జూసింది."

"నేను రాలేదమ్మా."

"ఎందుకు రాలే? ఈ కండ్లతోని జూసిన నేను."

"రాలేదని జెప్తాన్న గదా!" విద్య గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అది నేను గాదు. ఎన్నడూ నేను గాదు. నువ్వు ఊపుతవ్, ఊరంత ఊపుతది, ఊరంత జెప్తది. ఇప్పుడు నా మీద గదే మాట ఎత్తి కొడుతున్నరు. ఊళ్ళోళ్ళకు సోకులు జూపనీకి పోయిన్నంట. ఇగ ఊపకు. ఏ విమానం పోయినా తల ఎత్తకు."

హనుమవ్వ చేతిలో రొట్టె సగం కొట్టి ఉంది. ఆమె దాన్ని పెనం మీద వేయలేదు. కాసేపటికి "సరే బిడ్డా, ఊపను" అంది, అంతే. ఆ మాట ఎంత చిన్నగా అందంటే, విద్య రొట్టె ముట్టకుండానే లేచిపోయింది. క్షమించమని అడుగుదామనుకుంది. కోపం ఇంకా చల్లారలేదు గనక అడగలేదు. కానీ పడుకునే ముందు ఒకటి మాత్రం తేల్చుకుంది. చేయని తప్పు ఒప్పుకోదు. ఆకాశం పోయినా సరే, ఆ మాట మాత్రం తన నోటి నుంచి రాదు.

మర్నాడు క్లబ్బులో పని లేదు. ఎగిరేది లేకపోతే షెడ్డు ఎంత బోసిగా ఉంటుందో ఆమెకు ఆరోజే తెలిసింది. విమానం ముక్కుకు కట్టిన దసరా బంతిపూల దండ వాడిపోయి వేలాడుతోంది. చక్రాల దగ్గర చితికిన నిమ్మకాయ తొక్కలు ఇంకా ఉన్నాయి. ఆ క్లబ్బులో ఆయుధ పూజ అంటే రాచయ్యదే పెత్తనం. చిమ్కోడ్ ఆయన. వయసులో ఉన్నప్పుడు లారీలకు, బండ్లకు రంగులు వేసేవాడు. ఇప్పుడు క్లబ్బులో కడగడం, తుడవడం, రంగులు దిద్దడం ఆయన పని. హనుమవ్వ పుట్టింటి వైపు వాడు గనక విద్య ఆయన్ని మామా అంటుంది. దసరాకు ముందు ఆయన విమానాన్ని పెళ్ళికూతుర్ని చేసినట్టు చేస్తాడు. ముక్కుకు విభూతి, రెక్కలకు కుంకుమ, చక్రాలకు నిమ్మకాయలు. ఈసారి పూజకు పెద్ద పెద్ద అతిథులు వస్తున్నారని మోహన్ కొత్త రంగు డబ్బాలు కూడా తెప్పించాడు.

రాచయ్య గోనెపట్టా పరుచుకుని విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకుని, కారిన నూనె తుడుస్తున్నాడు. విద్య ఫోను మోగింది. బసవకళ్యాణ్‌లో కాపురముంటున్న అక్క ప్రేమల. "అమ్మ రాత్రి నుంచి మాట్లాడుతలేదంట, ఏమైంది" అని అడుగుతుండగానే మాట తెగిపోయింది.

"హలో! అక్కా! హలో!"

"రేకుల షెడ్డుల ఫోను పడ్తదా, పిచ్చిదానా?" కింద నుంచి రాచయ్య నవ్వాడు. "బయటికి పోయి మాట్లాడు."

ఆమె వెళ్ళలేదు. అక్కకు ఏం చెప్పాలో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఎవరికీ కనపడకుండా ఉండాలని రాచయ్య పక్కనే గోనెపట్టా మీదికి జారి, తానూ వెల్లకిలా పడుకుంది. మీద విమానం పొట్ట వెండిలా తళతళలాడుతోంది. ఆయన ఒక గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు. ఏడవడానికైనా పనికొస్తుంది, తుడవడానికైనా పనికొస్తుంది. విద్య తుడవడం మొదలుపెట్టింది. పొట్ట నడుమ అరచేతి పొడవున కిందికి పొడుచుకొచ్చిన యాంటెన్నా ఉంది. పెట్టె మాటలన్నీ గాలిలోకి పోయేది దాని నుంచే. గుడ్డ దాని మీదికి రాగానే ఆమె చెయ్యి ఆగింది.

"మామా, ఇది తెల్లగుండె గదా?"

"ఉండె. పొట్టంత మెరుస్తాంటె అదొక్కటి పాచిపన్ను లెక్క కనవడ్డది. మంచిగ గీకి రెండు పూతలేసిన."

"ఏం రంగు?"

రాచయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు తన పని గురించి ఒకరు అడిగారు. "మామూలు రంగు గాదు బిడ్డా. అల్యూమినియం పొడి కలిపిన రంగు. ఎండకు పోదు, వానకు పోదు. రేకు తొడిగినట్టే ఉంటది."

విద్య లేచి కూర్చుంది. తల విమానం పొట్టకు తగిలినా ఆమె పట్టించుకోలేదు. చేతిలో ఫోను చూసుకుంది. సిగ్నల్ గీతలు లేవు. షెడ్డు బయటికి నాలుగంగలు వేసి చూసింది, గీతలు నిండాయి. లోపలికి వచ్చి చూసింది, పోయాయి. రాచయ్య ఆమె వాలకం చూసి ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు. ఆమె "శ్రీశైల్!" అని అరుస్తూ పరుగెత్తింది.

శ్రీశైల్ వచ్చి పడుకుని, యాంటెన్నాను గోరుతో గీకి, గోటికి అంటిన వెండి పొడిని ఎండలో చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"నేను తీగ వెట్టి జూసినక్కా. తీగ వెడితె యాంటెన్నాతోని పనే లేదు. పెట్టె నోరు మంచిగనే ఉన్నది, మూతికి రేకు గొట్టినం మనం!" అని, వెంటనే రాచయ్య వింటున్నాడేమోనని అటు చూశాడు.

రాచయ్య విన్నాడు. చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా రంగుతోనేనా?" అన్నాడు.

విద్య, శ్రీశైల్ కలిసి మోహన్ దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు.

"గీకించేయండి," అన్నాడు. "గీకించి ఊరుకోండి. యాంటెన్నా మీద లోహపు రంగు వేసుకుని గీత దాటామని చెబితే ఈ క్లబ్బును మళ్ళీ ఎగరనిస్తారా? పైలట్ పొరపాటు అంటే ఒక్క మనిషితో పోతుంది."

"ఆ ఒక్క మనిషిని నేను సార్."

"నువ్వు కాకపోతే ఎవరు? ఎవరు పూశారని అడుగుతారు. రాచయ్య పేరు చెబుతావా? ఈ వయసులో ఆయన్ని ఇంకెక్కడ పెట్టుకుంటారు? బాగా ఆలోచించుకో."

ఆ మాట విద్యకు సూటిగా తగిలింది. బయటికి వచ్చి నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంది. రాచయ్య ఇంటి చూరూ, ఆయన భార్య మోకాళ్ళ నొప్పులూ, అన్నీ ఆమెకు తెలుసు. కానీ ఆయన తనకు తానుగా రంగు కొని పూయలేదు. డబ్బాలు తెప్పించింది మోహన్. మెరవాలన్నది మోహన్. యాంటెన్నా మీద పూయకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళలో తానూ ఒకతె. నిజం చెబితే మొత్తం చెప్పాలి, మొదటి నుంచి చివరిదాకా. సగం నిజమైతే పేదవాడి మీద పడుతుంది, పూర్తి నిజమైతే పడదు. ఆమె బండి తీసి, వాయుసేన స్థావరం ఉన్న బీదర్ వైపు తిప్పింది.

వాయుసేన గేటు దగ్గర కాపలావాళ్ళు ఆమెను లోపలికి పంపలేదు. ఎండలో నిలబెట్టారు. ఆమె నిలబడింది. టవరు అధికారి పాల్ గారితో ఒక్క మాట మాట్లాడాలని, మాట్లాడేదాకా పోనని చెప్పింది. మధ్యాహ్నం దాటాక ఆయనే గేటు దాకా వచ్చాడు. నెరిసిన మీసాలు, నిద్ర లేని కళ్ళు. నిన్న రేడియోలో ఎడమకు తిరగమన్న గొంతు అదేనని ఆమె మొదటి మాటకే గుర్తుపట్టింది. ఆమె చెప్పిందంతా ఆయన హిందీలో అడ్డు ప్రశ్నలు వేస్తూ విన్నాడు.

"నిన్న నీ వల్ల నేర్చుకునే పిల్లవాడొకడు దారి మార్చుకోవాల్సి వచ్చింది, తెలుసా?"

"చూశాను సార్. ఆ విమానం పైకి లేవడం నేను చూశాను. అందుకే వచ్చాను. తప్పు నా మీద వేసి మూసేస్తే, రేపు ఇంకో విమానానికి ఇంకొకరు ఇదే రంగు వేస్తారు."

పాల్ ఆమెను కాసేపు చూశాడు. "రంగు అలాగే ఉంచు. పొద్దున నేను మీ క్లబ్బుకు వస్తాను. అదే విమానం, అదే పెట్టె. గీత అంచు దాకా పోయి రా. టవరు నిన్ను చూస్తుందో లేదో నేను నా చెవులతో వింటాను. కనిపించకపోతే నీ మాట నిజం. కనిపిస్తే మాత్రం నా దగ్గరికి మళ్ళీ రావద్దు."

ఆమె బండి మీద సంబరంగా క్లబ్బుకు తిరిగొచ్చింది. షెడ్డు మూసేసి ఉంది, రాచయ్య ఇంటికి పోయాడు. శ్రీశైల్‌కు ఫోను చేసి చెప్పింది. రాచయ్యకు ఫోను లేదు. పొద్దున చెబుదాంలే అనుకుంది.

పొద్దున ఆమె వచ్చేసరికే పాల్ జీపు దిగి ఉన్నాడు. చేతిలో టవరుతో మాట్లాడే రేడియో ఉంది. మోహన్ ఆయన పక్కనే కుర్చీ వేయించి టీ తెప్పిస్తున్నాడు. రాచయ్య షెడ్డు గోడకు ఆనుకుని నిలబడి, విద్యను చూసి ఎందుకో ముసిముసిగా నవ్వాడు. ఆమెకు ఆగి మాట్లాడే తీరిక లేదు. విమానం అప్పటికే బయటికి తోసి ఉంది. చుట్టూ ఒకసారి తిరిగి, రెక్కలు కదిపి చూసి, చక్రాలు తట్టి ఎక్కేసింది. పొట్ట కిందికి వంగి చూడటం ఆమె రోజూ చేసే పనే. ఆరోజు పాల్ చూస్తున్నాడన్న తొందరలో వంగలేదు.

గీత అంచుకు చేరాక పిలిచింది. "టవర్, నేను కనిపిస్తున్నానా?"

జవాబు వెంటనే వచ్చింది. "స్పష్టంగా కనిపిస్తున్నావు. పేరు, ఎత్తు, చోటు, అన్నీ ఉన్నాయి."

ఆమె చెవులను ఆమె నమ్మలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. ఏ పైలట్ అయినా వినాలని కోరుకునే మాట అది. ఆమె మాత్రం మూడోసారి అడగకుండా విమానం వెనక్కి తిప్పింది.

దిగేసరికి పాల్ జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో కోపం లేదు, అలసట ఉంది. మోహన్ నవ్వుతున్నాడు. రాచయ్య మాత్రం దండ వేసినంత సంబరంగా ఎదురొచ్చాడు.

"కనవడ్డవ్ గదా బిడ్డా! రేడియోల నేను గుడ విన్న. ఇంక ఏం పరేషాన్ లేదు."

విద్య విమానం కిందికి వంగింది. యాంటెన్నా తెల్లగా, ఎముకలా, కొత్తదానిలా ఉంది. థిన్నరు వాసన ముక్కుకు కొట్టింది. వెనక్కి తిరిగి రాచయ్య చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో వెండి పొడి మెరుస్తోంది.

"మామా, గీకినవా?"

"కోడి కూయంగనే వచ్చి గీకిన. బ్లేడుతోని గీకి, థిన్నరుతోని మూడుసార్లు తుడ్సిన. జర గుడ ఇడ్వలే. నా రంగు వల్లనే గదా నీకు అడ్డమైంది. తీసేస్తె కనవడ్తవ్ అన్కున్న. కనవడ్డవ్." ఆయన ఆమె మొహం చూసి తగ్గాడు. "ఏమైందే? తప్పు జేసిన్నా?"

ఆమెకు కోపం రావాలి. రాలేదు. నిద్ర మానుకుని, చీకట్లో చిమ్కోడ్ నుంచి నడిచి వచ్చి, ఉన్న ఒక్క సాక్ష్యాన్ని ప్రేమతో గీకి పారేసిన మనిషిని ఎవరు మాత్రం ఏమంటారు? ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాకు కనవడకుండ పోవుడే కావాలె మామా. రంగు ఉన్నందుకే కనవడలేదని వీళ్ళకు జూపియ్యాలె. ఇప్పుడు రంగు లేదు. మొన్న నేనే పెట్టె బంద్ జేసినట్టయింది."

రాచయ్యకు ఆ మాట లోపలికి దిగడానికి పట్టే సమయం పట్టింది. తర్వాత ఆయన ఆమె చెయ్యి విడిపించుకుని, షెడ్డులోకి వెళ్ళి, రంగు డబ్బా, కుంచె, గోనెపట్టా పట్టుకొచ్చాడు. ఎవరినీ అడగలేదు. విమానం కింద పట్టా పరిచాడు.

"ఏయ్ రాచయ్యా, ఏం చేస్తున్నావు?" మోహన్ కుర్చీలోంచి లేచాడు.

"మల్ల పూస్త సార్."

"ఎవరు పూయమన్నారు నిన్ను?"

రాచయ్య నడుము వంచినవాడు అలాగే తల తిప్పి చూశాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మీరే గద సార్. పండుగకు పెద్దోళ్ళు వస్తున్నరు, ఒక్క ఇంచు ఇడ్వకుండ మెరవాలె అన్నది మీరే. పూసింది నేనే. ఈ సార్‌కు గుడ జెప్తాన్న, పూసింది నేనే. ఆ బిడ్డ పూయలే, పెట్టె ఆపలే."

పాల్‌కు తెలుగు కొద్దికొద్దిగానే వచ్చు. ఆయన శ్రీశైల్ వైపు చూశాడు. శ్రీశైల్ ప్రతి మాటా హిందీలోకి మార్చి చెప్పాడు, మోహన్ అన్నదీ, రాచయ్య అన్నదీ, ఒక్కటీ వదలకుండా. మోహన్ ఏదో అనబోయి ఫోను చూసుకున్నాడు. ఫోను మోగలేదు. పాల్ జీపులోంచి తన టోపీ తీసి బానెట్ మీద పెట్టి, కుర్చీ లాక్కుని విమానానికి దగ్గరగా కూర్చున్నాడు.

"పూయమనండి," అన్నాడు.

రాచయ్య వెల్లకిలా పడుకుని పూశాడు. పండుగ ముందు ఎంత శ్రద్ధగా పూశాడో అంత శ్రద్ధగా, ముందు అంచులు దిద్ది, తర్వాత నడుమ నింపి, మొదలు దగ్గర పొట్ట రేకుతో కలిసేలా కుంచె తిప్పాడు. పూత ఆరాలి. పొట్ట కింద నీడ. ఆయన షెడ్డు వెనక నుంచి పాత రేకు ముక్క తెచ్చి, నేల మీద ఏటవాలుగా ఆనించి, ఎండ దాని మీద పడి పొట్టకు తగిలేలా తిప్పి పెట్టాడు. ఎండ జరిగినప్పుడల్లా రేకును జరిపాడు. రెండో పూత వేశాడు. అందరూ ఎదురుచూశారు. టీలు వచ్చాయి, చల్లారాయి. వాయుసేన అధికారి, క్లబ్బు మేనేజరు, శ్రీశైల్, విద్య, ఒక్కరూ కదలకుండా ఒక ముసలాయన రంగు ఆరబెట్టడం చూస్తూ కూర్చున్నారు. చివరికి రాచయ్య మునివేలితో తాకి, వేలు చూసుకుని, పాల్‌కు చూపించాడు. వేలికి ఏమీ అంటలేదు.

"ఇగ పో బిడ్డా," అన్నాడు.

ఈసారి ఆమె కిందికి వంగి, యాంటెన్నాను తన కళ్ళతో చూసి మరీ ఎక్కింది. మీట వేసింది. పచ్చ దీపం వెలిగింది. గీత అంచుకు చేరాక దాన్ని ఇంకోసారి చూసుకుంది. ఎడమ వైపు దూరంగా మన్నళ్ళి ఇళ్ళు, వాటి చుట్టూ పూత మీదున్న కందిచేలు. ఆమె అటు తిరగలేదు.

"టవర్, నేను కనిపిస్తున్నానా?"

గరగర తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత గొంతు వచ్చింది. "మళ్ళీ చెప్పు. నీ పెట్టె వేసి ఉందా?"

"ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది."

"కనిపించడం లేదు."

"దయచేసి ఇంకోసారి చూడండి."

"చూస్తున్నాం. ఇక్కడ నువ్వు లేవు. అసలు లేవు."

విద్య గట్టిగా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళు మసకబారాయి, మోచేత్తో తుడుచుకుంది. తాను లేదని ఒకరు చెబితే ఇంత ఆనందం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పాల్ గొంతు మధ్యలోకి వచ్చింది, నేల మీది రేడియో నుంచి. "చాలు. తిరిగి రా."

ఆమె దిగి తలుపు తీసేసరికి పాల్ మోహన్‌తో మాట్లాడుతున్నాడు. అరవడం లేదు. పూసినవాడిది తప్పు కాదనీ, ఎక్కడ పూయకూడదో చెప్పనివాళ్ళదనీ, రాచయ్యను పనిలోంచి తీస్తే ఈ క్లబ్బుకు ఆకాశం తెరుచుకోదనీ ఆయన అంటున్నాడు. మోహన్ తల ఊపుతున్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. విద్యను చూసి పాల్ ఆగాడు. సారీ చెప్పే అలవాటు లేని మనిషిలా కాసేపు తడబడ్డాడు.

"రంగు తీసేసి ఇంకోసారి ఎగురు. మళ్ళీ కనిపిస్తే లెక్క సరిపోతుంది. ఈసారి మన్నళ్ళి మీదుగా రా. ఆ దారి ఖాళీగా ఉంది, టవరుకు నేను చెబుతాను."

విమానం కింద రాచయ్య అప్పటికే బ్లేడు, థిన్నరు సీసా దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కానీ చెయ్యి వేయలేదు. ఆమె కోసం చూస్తున్నాడు.

"ఇప్పుడన్న గీకాల్నా బిడ్డా?"

"గీకు మామా," అని ఆమె పక్కనే పడుకుని రెండో గుడ్డ అందుకుంది.

యాంటెన్నా తెల్లబడ్డాక, ఎక్కే ముందు, ఆమె షెడ్డుకు దూరంగా ఎండలోకి నడిచి ఇంటికి ఫోను చేసింది. హనుమవ్వ ఎత్తింది. మొన్నటి మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది.

"అమ్మా, ఏడున్నవ్?"

"ఇంట్లనే ఉన్న. చేనుకు పోలే. తల ఎత్తద్దంటివి గదా."

"చేనుకు పో అమ్మా. గట్టు మీద నిలవడు. ఇంకొంచెంసేపట్ల ట్రాక్టరు లెక్క చప్పుడు జేసుకుంట చిన్న విమానం పోతది. అది జూసి ఊపు."

అటు వైపు పళ్ళెమేదో కింద పెట్టిన చప్పుడు, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

"గీసారి నిజంగ నువ్వేనానే?"

"నేనే అమ్మా," అంది విద్య.